పండుగప్ప తల ఎవరి వైపు

రెబెక్కమ్మ ముక్కు సంగతి కృష్ణపట్నం రోడ్డు మీద తెలియని వాళ్ళు లేరు. మైపాడు నుంచి చేపలు తెచ్చే చిన్నపోలయ్య ఆమె మెస్సు ముందు ఆటో ఆపేటప్పుడే ఒకసారి గొంతు సవరించుకునేవాడు. అతను బుట్ట కింద దించకముందే ఆమె లోపల పొయ్యి దగ్గర నుంచి, "పోలయ్యా, పైన పరిచింది ఈ పొద్దుటిది. కిందది నిన్నటిది. రెండూ వేరుచేసి చూపించు" అని కేకేసేది. పోలయ్య నోరు మెదపకుండా వేరుచేసేవాడు. ఆమె భర్త హెబ్రోను బతికున్నన్నాళ్ళూ, తన పెళ్ళానికి ముక్కు మీద కోపం ఉంటే ఉండనీ, ఆ ముక్కు వల్లే మెస్సు నడుస్తోందని వచ్చిన వాళ్ళకల్లా చెప్పేవాడు.

ఆ ముక్కు పనిచెయ్యక ఆరు నెలలయింది. ఈ సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

ఆగస్టులో పది రోజులు జ్వరం వచ్చింది. తగ్గింది. లేచి కాఫీ పెట్టుకుంటే వేన్నీళ్ళు తాగినట్టుంది. ఉప్పు, పులుపు, కారం నాలుకకు తెలుస్తున్నాయి గానీ వాసనన్నది లేదు. ఇంగువ డబ్బా ముక్కుకు ఆనించుకుంది, కిరసనాయిలు సీసా మూత తీసింది, ఆఖరికి ఎండుచేపల సంచిలో తల దూర్చింది. ఏమీ లేదు. నాలుగు రోజులకు అదే వస్తుందిలే అనుకుంది. నాలుగు వారాలయినా రాలేదు.

ఎవరికి చెప్పుకుంటుంది? వాసన తెలియని మనిషి చేపల పులుసు వండుతోందంటే ఎవరైనా కూర్చుని తింటారా? దేవుడికి కూడా తిన్నగా చెప్పుకోలేకపోయింది పాపం. ఆ ఇంట్లో ప్రార్థన పైకే చేస్తారు, పక్కనే కోడలు ఫ్లోరా మోకరించి ఉంటుంది. అందుకని "ప్రభువా, నా అవసరం నీకు తెలుసు" అని మాత్రం అని ఆమెన్ చెప్పేసేది.

కంటితో, చెవితో వండడం నేర్చుకుంది. ఆవాలు చిటపటలాడడం ఆగగానే ఉల్లిపాయ వేసేది, మెంతులు ఎర్రబడే రంగును కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసేది. మనసులో మాత్రం ఒక తీర్మానం చేసుకుంది. ఒక్క పళ్ళెం, ఒక్కటంటే ఒక్కటి, తినకుండా వెనక్కి వచ్చిందా, ఆ రోజే గరిటె ఫ్లోరా చేతిలో పెట్టి కొడవలూరులో అక్క సమాధానమ్మ ఇంటికి వెళ్ళిపోవాలి. అక్కడ ఏం చేస్తుందో ఆమెకే తెలియదు. పందొమ్మిదేళ్ళుగా వండి పెట్టడం తప్ప వేరే పని ఎరగదు. వంట లేని రెబెక్కమ్మ ఎలా ఉంటుందో ఊహించుకుందామంటే ఆమెకే ఏమీ తోచడం లేదు.

ఇలా ఉండగా ఫిబ్రవరిలో చైనావాళ్ళ పండుగ వచ్చింది.

కరెంటు ప్లాంటులో ఏదో పెద్ద మిషను బాగుచెయ్యడానికి నలుగురు చైనా ఇంజినీర్లు వచ్చి ఏడాదయింది. రెండు పూటలా రెబెక్కమ్మ మెస్సులోనే భోజనం. మొదట్లో కోడిగుడ్డు, తెల్లన్నం తప్ప ముట్టలేదు. వాళ్ళలో పెద్దాయన హువాంగ్. నున్నటి గుండు, అరవైకి దగ్గర పడిన మనిషి. ఆయన సొంతూరు కారానికి పేరుపడిందట. ఒకరోజు పులుసు రుచి చూసి, చెమటలు తుడుచుకుంటూ గిన్నె చివరిదాకా ఊడ్చేశాడు. ఆ తర్వాత మిగతా ముగ్గురూ దారికొచ్చారు. వాళ్ళలో యున్ అనే పిల్ల తెలుగు కూడా నాలుగు ముక్కలు నేర్చుకుంది. అమ్మా, చాలు, ఇంకొంచెం, రండి, రేపు. మెస్సులో బతకడానికి అంతకంటే ఎక్కువ తెలుగు అక్కర్లేదు.

వాళ్ళ కారు డ్రైవరు తహీర్. ముత్తుకూరు కుర్రాడు. ఇంగ్లీషు, సైగలు కలిపి వాళ్ళతో గంటలకొద్దీ మాట్లాడగలడు. పండుగకు వారం ముందు అతనే హువాంగును వెంటబెట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"పెద్దమ్మా, వచ్చే సోమారం వీళ్ళకు సంవత్సరం ఆఖరంట. మనకు డిసెంబరు ముప్పై ఒకటి మాదిరి."

"ఫిబ్రవరిలో ఆఖరేంది రా?"

"వాళ్ళ లెక్క చంద్రుణ్ణి బట్టి, మా రంజాను మాదిరి. అది అయిన రెండు రోజులకు మా ఉపవాసాలు గూడా మొదలవతాయి గదా. సోమారం సాయంత్రం ఇంటిల్లిపాదీ ఒక్కచోట కూర్చుని తినాలంట. యాడ ఉద్యోగం చేస్తున్నా రైళ్ళు పట్టుకోని ఇంటికి పోతారంట. వీళ్ళకేమో మిషను తిరిగేదాకా సెలవు లేదు. ఆ భోజనం ఇక్కడే చేస్తామంటున్నారు."

"చెయ్యనీ. ఏం వండమంటారు?"

హువాంగ్ గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. తహీర్ ఊ కొట్టి, తల గోక్కుని, తెలుగులో దించాడు. "చాలా ఉండాయి గానీ ముఖ్యమైంది చేప. తల, తోక ఉండాలి. కొయ్యకూడదు. పళ్ళెంలో నిండు చేప రావాలి."

"కొయ్యకపోతే ముక్కకు పులుసెట్టా పడతది? ఆవిరి మీద ఉడకబెట్టమంటాడా?"

తహీర్ అడిగాడు. హువాంగ్ గుండు అడ్డంగా ఊపి, వేలితో పొయ్యి వైపు చూపించి ఏదో అన్నాడు.

"ఇంటి దగ్గరయితే ఆవిరి మీదేనంట. ఇక్కడ మాకు ఇల్లు ఇదే గాబట్టి ఈ ఇంటి పులుసే కావాలంటుండాడు."

ఆ మాటకు రెబెక్కమ్మ పడిపోయింది. ఇల్లు అన్నాక ఇంకేం మాట్లాడుతుంది? సరేనని గొప్పగా ఒప్పుకుంది. వాళ్ళటు వెళ్ళాక మాత్రం భయం పట్టుకుంది. ముక్కలయితే పచ్చిదో ఉడికిందో ఒకటి విరిచి చూడొచ్చు. నిండు చేపను ఎక్కడ విరుస్తుంది? తాజాదో కాదో వాసన చూడాలి, ఉడికిందో లేదో వాసన చూడాలి. ఉన్నది ఒక్క ముక్కు, అది కాస్తా అలిగి కూర్చుంది.

సోమవారం పొద్దున్నే చిన్నపోలయ్య మూడున్నర కిలోల పండుగప్పను తెచ్చి అరుగు మీద పెట్టాడు. వెండి పొలుసుల చేప, మూరన్నర పొడవుంది. రెబెక్కమ్మ వంగి, వాసన చూసినట్టు నటించింది. పోలయ్య ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"ఎప్పటిది?"

"తెల్లారుజామున నాలుగింటికి వలలో పడిందమ్మా. నా పిల్లల మీద ఒట్టు."

ఆమె మొప్ప ఎత్తి చూసింది, ఎర్రగా ఉంది. వీపు మీద వేలితో నొక్కింది, నొక్కిన చోటు వెంటనే పైకి లేచింది. కళ్ళు నిగనిగలాడుతున్నాయి. అయినా ఎక్కడో అనుమానం.

"సరే, ఉంచు."

"అంతేనా?" పోలయ్యకు నమ్మకం కుదరలేదు. "ఏమీ తిట్టలేదేందమ్మా? ఒంట్లో బాగుండాదా?"

"బాగుండాది, పో."

మధ్యాహ్నం నుంచి మెస్సులో సందడే సందడి. వాళ్ళ భోజనానికి గుండ్రటి బల్ల ఉండాలట, అందరూ అందరి ముఖాలూ చూసుకుంటూ తినాలట. మెస్సులో అన్నీ పొడుగు బల్లలే. తహీర్ ప్లాంటు నుంచి కరెంటు తీగ చుట్టే చెక్క చక్రం ఒకటి దొర్లించుకొచ్చి, పడుకోబెట్టి దుప్పటి పరిచాడు. పదిమంది కూర్చోదగ్గ గుండ్రటి బల్ల తయారయింది. యున్ ఎర్ర కాగితాలు కత్తిరించి తలుపుకు అంటించింది.

తర్వాత పిండి ముద్దలు వచ్చాయి. చిన్న చిన్న పూరీలు ఒత్తి, లోపల రొయ్యలు, ఉల్లికాడలు కలిపిన కూరు పెట్టి, మడిచి అంచులు నొక్కాలి. ఇది ఒక్కళ్ళు చేసే పని కాదట, ఇంట్లో ఉన్నవాళ్ళంతా చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ చేస్తారట. రెబెక్కమ్మ కాసేపు చేతులు కట్టుకుని చూసింది. వాళ్ళ మిషన్ల చేతులకు ఆ అంచులు సరిగ్గా రావడం లేదు. ఆమె ఒక పూరీ అందుకుని, క్రిస్మసుకు కజ్జికాయలు చుట్టినట్టు అంచును వరసగా మెలిపెట్టి బల్ల మీద పెట్టింది. నలుగురు ఇంజినీర్లూ పని ఆపేశారు. హువాంగ్ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తను చుట్టినదాన్ని నోట్లో పెట్టుకుని దాచేయబోయాడు. యున్ నవ్వుతూ ఆయన చెయ్యి పట్టుకుంది, అది పచ్చి పిండి కదా మరి.

"ఏటా రెండొందల కజ్జికాయలు చుట్టే చెయ్యది. మీరేం పోటీకొస్తారని చెప్పు" అంది రెబెక్కమ్మ తహీరుతో. ఆ గంటసేపు ముక్కు సంగతే మరిచిపోయింది. ఎంత హాయిగా ఉందో ఆమె ముఖం చూస్తే తెలిసేది.

నాలుగింటికి పులుసు మొదలుపెట్టింది. చర్చిలో క్రిస్మసు విందుకు వాడే వెడల్పాటి తపేలా అడిగి తెచ్చుకున్నారు. చేప రెండు పక్కలా గాట్లు పెట్టి, ఉప్పు, పసుపు పట్టించింది. చింతపండు పులుసు తెర్లుతుంటే చేపను నిండుగా అలాగే దించి, ఆ ఏడాది తొలి మామిడికాయ చెక్కలు చుట్టూ వేసింది. చేపల పులుసులో గరిటె పెట్టి తిప్పకూడదు, తపేలానే పట్టుకుని కదపాలి. ఒక పక్క అత్త, ఒక పక్క కోడలు గుడ్డలు పట్టుకుని తపేలాను మెల్లగా తిప్పారు. దించాక ఫ్లోరా గరిటె అంచుతో రెండు చుక్కలు తీసి అరచేతిలో వేసుకుని నాకింది. రోజూ ప్రతి గిన్నె దగ్గరా చేసే పనే.

"అందరూ తిన్నాక తినొచ్చు గదా, ఆగలేవా?" అంది రెబెక్కమ్మ. ఈ పిల్లకు తిండి యావ ఎక్కువని ఆరు నెలలుగా సణుగుతూనే ఉంది. ఫ్లోరా ఎప్పట్లాగే మూతి తుడుచుకుని తపేలాకు మూత పెట్టింది.

ఏడింటికి, తహీర్ నమాజుకు వెళ్ళాక, భోజనాలకు కూర్చున్నారు. ఫోను నీళ్ళ జగ్గుకు ఆనించి వాళ్ళ ఇళ్ళకు కలిపారు. అక్కడా గుండ్రటి బల్లే, చుట్టూ ముసలీ ముతకా పిల్లాజెల్లా. హువాంగ్ మనవరాలు ఫోనులోకి ముఖం పెట్టి అరుస్తోంది. బల్ల దగ్గర నలుగురూ నాలుగు వైపులా కూర్చున్నారు గానీ ఐదో కుర్చీ ఒకటి వేసి, దాని ముందు కూడా పళ్ళెం, గ్లాసు పెట్టారు. రెబెక్కమ్మ దాన్ని చూసి, పోర్టులో క్రేను డ్యూటీకి పోయిన తన కొడుకు బెన్హరు కోసమేమో అనుకుంది. పండుగప్పను తెచ్చి నడిమధ్య పెట్టగానే హువాంగ్ లేచి, పళ్ళేన్ని కొంచెం కొంచెంగా జరిపి సర్దాడు. చేప తల ఆ ఖాళీ కుర్చీ వైపుకు వచ్చింది.

"అమ్మా, రండి" అంది యున్, కుర్చీ చూపిస్తూ.

"మీరు తినండి నాయనా. నేను తర్వాత తింటా."

మళ్ళీ పిలిచారు. మళ్ళీ అదే మాట. మూడోసారి హువాంగే లేచి వచ్చాడు. ఆమె చేతులు జోడించి, వంటింట్లో ఫ్లోరా ఒక్కతే ఉందని సైగ చేసి తప్పించుకుంది. వడ్డించే మనిషి జనంతో పాటు కూర్చోవడమేమిటి? హెబ్రోను ఉన్నప్పుడు కూడా ఆమె ఆయనతో కలిసి కూర్చుని తిన్నది లేదు.

వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడింది. పిండి కజ్జికాయలు అయిపోయాయి. కోడి వేపుడు అయిపోయింది. వంకాయ, రొయ్యలు, మునగాకు పప్పు, అన్నీ పళ్ళేలు తుడిచినట్టు అయిపోయాయి. నవ్వుకుంటున్నారు, పాడుకుంటున్నారు, ఫోనులో వాళ్ళకు పళ్ళేలు ఎత్తి చూపిస్తున్నారు. పండుగప్ప మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఒక్క చెయ్యి దాని మీద పడలేదు. హువాంగ్ గరిటె ఒకసారి అటువైపు వెళ్ళినట్టే వెళ్ళి ఆగిపోయింది.

రెబెక్కమ్మ కిటికీ దగ్గర నుంచి ఇవతలికి వచ్చేసింది. ఇంకేముంది, తెలిసిపోయింది. చేప పాడయింది. మొప్ప ఎర్రగా ఉంటే మాత్రమేం, లోపల ఏ మూలో చెడి ఉంటుంది. బల్ల మీద పెట్టగానే నలుగురికీ వాసన కొట్టింది, పెద్దమనుషులు కాబట్టి పైకి అనలేక ముట్టుకోకుండా వదిలేశారు. ఆమె ఒక్కదానికే తెలియలేదు. పండుగ పూట, ఇల్లు ఇదే అన్న మనుషులకు, చెడిపోయిన చేప వండి పెట్టింది.

వెళ్ళేటప్పుడు నలుగురూ వంగి దణ్ణాలు పెట్టారు. తహీర్ అప్పటికే బయట కారులో హారను కొడుతున్నాడు. యున్ చేప వైపు చూపించి, "అమ్మా, రేపు" అని తీయగా నవ్వింది. రేపు అంటే మనవాళ్ళు ఏ అర్థంతో అంటారో రెబెక్కమ్మకు తెలియనిదా? మొహమాటానికి అన్న మాట అనుకుంది.

వాళ్ళు వెళ్ళాక నడుముకున్న తాళాలగుత్తి తీసి ఫ్లోరా ముందు పెట్టింది.

"రేపు తొమ్మిదింటి బస్సుకు కొడవలూరు పోతాను. అక్కను చూసి చాలా రోజులయింది."

"ఎన్నాళ్ళకు అత్తమ్మా?"

"చూద్దాం. ఇక్కడ నువ్వుండావు గదా. ఆ చేప పారెయ్."

ఫ్లోరా తాళాల వైపు చూసింది, అత్త ముఖంలోకి చూసింది. "పులుసు రేపటికే బాగుంటదని చెప్పేది మీరే గదా. మళ్ళీ తపేలాలోకి దించి మూత పెట్టి ఉంచుతాను. పొద్దున పారేద్దాంలే."

రెబెక్కమ్మ పడుకోబోయే ముందు ఒకసారి మూత ఎత్తి, తపేలా మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చింది. గోడకు ముక్కు ఆనించినట్టే ఉంది.

పొద్దున ఏడున్నరకు సంచి సర్దుకుని గుమ్మం పక్కన పెట్టుకుంది. ఉత్తచేతుల్తో కూర్చోలేక చీపురు అందుకుంది. వెళ్ళేలోపు మెస్సు ఒకసారి ఊడ్చి పోదామని వంగిందో లేదో, కారు వచ్చి ఆగింది. యున్ పరుగెత్తుకొచ్చి చీపురు లాక్కుని వెనక్కి దాచేసింది. వెనకాల మిగతా ముగ్గురూ ఎర్ర చొక్కాలు తొడుక్కుని, కమలాపళ్ళ సంచులు పట్టుకుని దిగారు.

"ఈ రోజు ఊడవకూడదు పెద్దమ్మా" అన్నాడు తహీర్. "కొత్త సంవత్సరం మొదటి రోజు ఊడిస్తే వచ్చిన అదృష్టం గూడా చెత్తతో పాటు పోతదంట. ఆ చేప తీసుకురా, తినడానికి వచ్చినారు."

రెబెక్కమ్మ బిత్తరపోయింది. "ఏ చేప? రాత్రి ముట్టుకోలేదు గదా."

"నువ్వు కూర్చోందే ఎట్టా ముట్టుకుంటారు? రాత్రి ఆ కుర్చీ ఎవరికనుకున్నావు?"

"బెన్హరుకని."

"నీకు. చేప తల ఎవరి వైపు పెడితే ఆ బల్లకు వాళ్ళు పెద్ద. ఆ పెద్ద మొదటి ముద్ద తినేదాకా వేరేవాళ్ళు చెయ్యి వెయ్యకూడదంట. మూడుసార్లు పిలిచినారు, నువ్వు రాలేదు. బలవంతం చేస్తే బాగుండదనుకున్నారు. ఎట్టాగూ ఈ చేపలో కొంత కొత్త సంవత్సరానికి మిగలాలంట, మిగిలితే ఏడాదంతా ఇంట్లో తిండి మిగులు ఉంటదని వాళ్ళ నమ్మకం. సరే, మొత్తం మిగిల్చి పొద్దున నీతో కలిసి తిందామనుకున్నారు. కారులో నాకు చెప్పినారు, నేనొచ్చి నీకు చెప్పాల్సింది. కారు వెనక్కి తిప్పితే పది నిమిషాల పనే, అయినా పొద్దున చెప్దాంలే అనుకున్నా."

రెబెక్కమ్మ రాత్రంతా మోసిన బరువు దిగినట్టే దిగి, దాని వెనకాల ఇంకో భయం వచ్చింది. మరి చేప మంచిదేనా? వాళ్ళు దాన్ని రుచే చూడలేదు. ఇప్పుడు తింటారు. చెడి ఉంటే?

ఫ్లోరా తపేలా తెచ్చి చెక్క బల్ల మీద పెట్టి మూత తీసింది. హువాంగ్ చేప తల సర్ది, దానికెదురుగా ఉన్న కుర్చీ వెనక్కి లాగి నిలబడ్డాడు. అందరూ ఆమెకేసి చూస్తున్నారు. ఇక దాచి లాభం లేదు.

"తహీరూ, వీళ్ళకొక మాట చెప్పు. నాకు వాసన తెలియదు. జ్వరమొచ్చినప్పటి నుంచి, ఆరు నెలలుగా ముక్కు పని చెయ్యడం లేదు. ఈ చేప మంచిదో చెడ్డదో నాకు తెలియదు. నా మీద గౌరవం కొద్దీ తినొద్దని చెప్పు. బాగుంటేనే తినమను, లేకపోతే వదిలెయ్యమను."

"నిజమా పెద్దమ్మా? మరి పోలయ్య ఇప్పటికీ నీ ముందు వణుకుతుండాడే."

"వణకనీలే. నువ్వు చెప్పు ముందు."

అతను చెప్పాడు. హువాంగ్ ఒక్క మాటన్నాడు.

"ముందు నువ్వు తినమంటుండాడు. ఎట్టుండాదో తర్వాత మేం చెప్తాం అంటుండాడు."

ఆమె కూర్చుంది. పందొమ్మిదేళ్ళలో తన మెస్సులో కుర్చీ మీద కూర్చోవడం అదే మొదలు. మెడ దగ్గర కండ విరిచి నోట్లో పెట్టుకుంది. ఉప్పు సరిపోయింది, పులుపు ముక్క లోపలిదాకా దిగింది. అంతకుమించి ఆమెకు తెలియలేదు. తల ఊపింది.

అంతే, నాలుగు చేతులూ ఒక్కసారిగా పడ్డాయి. హువాంగ్ ఒక ముక్క తిని కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, తెలుగులో తనకు వచ్చిన ఒకే ఒక్క మాట అన్నాడు.

"అన్నం."

పొద్దున ఎనిమిదింటికి అన్నం ఎక్కడుంటుంది? ఫ్లోరా పరుగెత్తి రాత్రి మిగిలింది తెచ్చింది. చల్లన్నంలో ఆ పులుసు కలుపుకుని ఏమిటా తినడం! తహీర్ కూడా పళ్ళెం వేసుకుని వాళ్ళ మధ్య దూరాడు. పై పక్క అయిపోయాక రెబెక్కమ్మ చేపను తిప్పబోతే హువాంగ్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. చేపను తిప్పితే పడవ బోల్తా పడినట్టట. మెల్లగా వెన్నుముల్లును తోక వైపు నుంచి ఎత్తి పక్కన పెట్టి, అడుగున ఉన్న కండ తిన్నారు. అరగంటకు తలకాయ ఎముకలు, ముల్లు తప్ప ఏమీ మిగల్లేదు. ఏడాది పొడవునా మిగలాల్సిన మిగులు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

రెబెక్కమ్మ ఆ ఖాళీ తపేలా తీసుకుని వంటింట్లోకి వచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు. ఫ్లోరా తలుపు దగ్గరగా వేసింది.

"అత్తమ్మా, ఆగస్టులో ఒకరోజు సేమ్యా పాయసం అడుగంటింది. గుర్తుందా?"

"నా పాయసం ఎప్పుడు అడుగంటింది?"

"గుర్తుండదు, మీకు తెలియలేదు గనక. ఇల్లంతా మాడు వాసన, మీరేమో దాని ముందే నిలబడి గ్లాసుల్లో పోస్తుండారు. నేను మిమ్మల్ని ఉప్పు ప్యాకెట్టుకని అంగడికి పంపించి వేరే గిన్నె పాయసం చేసినాను. ఆ రోజు నుంచి ప్రతి గిన్నె వాసన చూసి, నాకి చూసే బయటికి పంపినాను. ఎక్కడన్నా తేడా వస్తే సర్దేద్దామని."

రెబెక్కమ్మ కోడల్ని ఎగాదిగా చూసింది. "అయితే ఆ నాకడం తిండి యావ కాదా?"

"కాదు. మీరు చర్చిలో ఆడవాళ్ళందరికీ చెప్పుకున్నారు గూడా."

"చెప్పొద్దూ మరి, నాకేం తెలుసు?" అని, మెల్లగా అడిగింది. "ఎన్నిసార్లు సర్దినావు?"

"ఆ పాయసం ఒక్కటే."

"ఆరు నెలల్లో?"

"ఆరు నెలల్లో అత్తమ్మా. ఇంకెప్పుడూ చిటికెడు ఉప్పు గూడా వెయ్యాల్సిన పని పడలేదు."

రెబెక్కమ్మ పీట మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆరు నెలలుగా దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. ఫ్లోరా పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"ఎందుకు చెప్పలేదే నాకు?"

"మీరెందుకు చెప్పలేదు నాకు?"

రెబెక్కమ్మ ముఖం తుడుచుకుని తపేలా కోడలి ముందుకు జరిపింది. "వాసన చూడు. చూసి ఎట్టుండాదో చెప్పు."

ఫ్లోరా వంగింది. "ముందు మామిడికాయ వస్తది. తర్వాత మెంతులు."

"మాడినాయా?"

"లేదు, కమ్మగా ఉండాయి."

"నీచు?"

"ఊహూఁ. కరివేపాకు, వెల్లుల్లి, ఆ వెనకాల చింతపండు. నెయ్యి మాదిరి చేప కొవ్వు వాసన గూడా కొంచెం వస్తా ఉండాది."

రెబెక్కమ్మ కళ్ళు మూసుకుని వింది. మొత్తం విన్నాక, "మళ్ళీ చెప్పు" అంది. ఫ్లోరా మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది. ఆమె ఒక్కొక్క మాటకూ తల ఊపుతూ కూర్చుంది. కొడవలూరు బస్సు హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

కాసేపటికి బయట ఆటో ఆగింది. చిన్నపోలయ్య గొంతు సవరించుకోవడం వినిపించింది. ఫ్లోరా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, బుట్ట వైపు ముక్కు పెట్టి రెండుసార్లు ఎగపీల్చింది. వెనక్కి తిరిగి అత్త చెవిలో ఏదో చెప్పింది. రెబెక్కమ్మ తాళాలగుత్తి నడుముకు దోపుకుంది.

"పోలయ్యా," అని లోపలి నుంచే కేకేసింది, "పైన పరిచింది ఈ పొద్దుటిది. కిందది నిన్నటిది. రెండూ వేరుచేసి చూపించు."

బయట పోలయ్య నోరు మెదపకుండా వేరుచెయ్యడం మొదలుపెట్టాడు.